ఐదు నుంచి ఆరు దాకా బావ

"మోకాలి నొప్పి తగ్గిందా బావా?"

ఐదేళ్ళ తరవాత బావ దర్జీతో అన్న మొదటి మాట అది. దర్జీ చేతిలోని చదరంగం గుర్రం జారి, అరుగు మీద నుంచి దొర్లి, ముందు వరసలో స్టూలు మీద కూర్చున్న ఒక టూరిస్టు చెప్పు పక్కన ఆగింది. ఆవిడ దాన్ని తీసి ఇవ్వబోయి, ముట్టుకోవచ్చో లేదోనని గైడు వంక చూసింది. దర్జీ కూడా గైడు వంకే చూశాడు. జవాబు చెప్పవచ్చో లేదో అతనికీ తెలియలేదు మరి.

"ఎక్కడుండాలో అక్కడే ఉంది," అన్నాడు చివరికి.

గైడు అమ్మాయి ఆ మాటని టూరిస్టుల భాషలోకి మార్చి చెప్పింది. అప్పుడు నవ్వారు వాళ్ళు. మాట ఇక్కడ పడ్డాక కాస్సేపు ఆగి, నవ్వు అక్కడ లేచింది. బావ నవ్వలేదు, బోర్డు మీద బంటుని ఒక గడి ముందుకి జరిపాడు. సరిగ్గా ఆరు గంటలకి గైడు తన పచ్చ గొడుగు మూసేసింది, టూరిస్టులు చప్పట్లు కొట్టారు, బావ లేచి పంచె దులుపుకుని, దర్జీ అనే మనిషి భూమ్మీద లేనట్టు తన ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

దర్జీ మటుకు పావులు చేతిలో పట్టుకుని అరుగు మీదే ఉండిపోయాడు. ఇంతకీ అతను పలకరించింది తననా, వాళ్ళనా?

వీళ్ళిద్దరికీ ఎడమొహం పెడమొహం ఎందుకైందో చెప్పాలంటే మెట్ల దగ్గర మొదలుపెట్టాలి. బావ గడియారాలు బాగుచేసేవాడు. పక్కపక్క ఇళ్ళు. చిన్నప్పుడు ఒకే గోడ దూకి దెబ్బలు తిన్నవాళ్ళు, పెద్దయ్యాక దర్జీ ఆ గోడ అవతలి పిల్లనే, అంటే గడియారాలాయన చెల్లెల్నే, పెళ్ళి చేసుకున్నాడు. ఒకరినొకరు బావా అనుకోవడానికి అదొక వంక దొరికింది గాని, అంతకుముందు మాత్రం వాళ్ళు వేరువేరుగా ఎప్పుడున్నారు కనక! ముప్పై ఏళ్ళు ఇద్దరి సాయంత్రాలూ ఒకే అరుగు మీద గడిచాయి.

అలాంటి వీధికి టూరిస్టులు రావడం మొదలైంది. చెక్కిన పాత తలుపులు చూడ్డానికట. పొద్దున్న లేచి తలుపు తీస్తే ఎవరో ఒకరు దాని ఫొటో తీస్తూ ఉండేవారు, తలుపు తీసిన పాపానికి విసుక్కునేవారు కూడా. వాళ్ళు ఉండడానికి గదులు కావాలిగా. వీధిలో అందరికంటే ముందు పై అంతస్తు ఇచ్చినవాడు బావే. వాళ్ళకి వేరే దారి ఉండాలని రెండిళ్ళ మధ్య సందులో ఇనప మెట్లు కట్టించాడు. ఆ మెట్లు వచ్చి సూటిగా దర్జీ కుట్టు మిషను పక్కనున్న కిటికీకి అడ్డం పడ్డాయి.

నల్ల కోటుకి నల్ల దారంతో కాజా కుట్టేవాడికి ఆ కిటికీ అంటే ఏమిటో కుట్టేవాడికే తెలుస్తుంది. దర్జీ మొదట నెమ్మదిగానే చెప్పాడు. "లైటు వేసుకో బావా," అన్నాడు బావ. "లైటు కింద నలుపూ నీలం ఒకటే కనిపిస్తాయి," అన్నాడు దర్జీ. "ఇప్పుడు కోట్లు కుట్టించుకునేవాడెవడున్నాడులే," అన్నాడు బావ. ఆ మాటకి దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక నీ గుమ్మం తొక్కనంటే తొక్కనన్నాడు. నీది నేను తొక్కితే అడగమన్నాడు బావ. అంతే, ఐదేళ్ళు.

మధ్యలో నలిగింది దర్జీ భార్య. రోజూ అన్నగారింటికి వెళ్ళేది, వచ్చాక అక్కడి సంగతులు చెప్పేది కాదు, దర్జీ అడిగేవాడు కాదు. అడక్కుండానే తెలుసుకోవాలని మాత్రం ఉండేది. "ఇవాళ ఆలస్యమైందే" అని ఊరుకునేవాడు. ఆవిడకి అర్థమయ్యేది. అయినా నోరు విప్పేది కాదు, ఆ అన్నకి తగ్గ చెల్లెలు.

ఈలోగా కోట్లు కుట్టించుకునేవాళ్ళు నిజంగానే లేకుండా పోయారు. వీధిలో ఎవరి పొట్ట ఎంత పెరిగిందో వాళ్ళ భార్యలకంటే ముందు దర్జీకి తెలిసే రోజులు పోయాయి. ముప్పై ఎనిమిది ఇళ్ళలో ఇరవై ఏడు టూరిస్టుల గదులుగా మారి, వాటిలోవాళ్ళంతా బస్టాండు అవతల కొత్త కాలనీకి వెళ్ళిపోయారు. మిగిలిన పదకొండు ఇళ్ళకి దర్జీతో పనిలేదు. టూరిస్టుల బ్యాగుల జిప్పులు, తెగిన పట్టీలు, పెట్టెల చిరుగులు, ఇవే అతని పని. కొలత తీసుకోవడానికి మనిషంటూ ఉండడు.

చివరికి టూరిస్టులకే విసుగొచ్చింది. వీధి అందంగా ఉంది సరే, మనుషులేరీ అని అడిగారట. పర్యాటక సంఘంవాళ్ళు తలలు గోక్కుని ఒక పథకం వేశారు. మిగిలినవాళ్ళంతా సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా వెనకటిలాగే అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి. వచ్చినవాళ్ళ వంక చూడకూడదు, ఫోను తియ్యకూడదు, మామూలుగా ఉండాలి. మామూలుగా ఎలా ఉండాలో రెండు రోజులు నేర్పించారు కూడా. జన్మలో సూది పట్టని టీచరమ్మ చేతికి ఉన్ని, సూదులూ ఇచ్చారు. ఆవిడ మూడు నెలలుగా ఆ జానెడు ముక్కనే అల్లి విప్పుతోంది. చదరంగం ఆడే ఇద్దరు ముసలాళ్ళు కావాలన్నారు. వీధిలో చదరంగం తెలిసినవాళ్ళు ఇద్దరే. ఎదురుబొదురుగా కూర్చోబెట్టాక గాని ఎదుటివాడూ ఒప్పుకున్నాడని ఇద్దరికీ తెలియలేదు. లేచిపోతే ముందు వాడే లేవాలని పంతం పట్టి ఇద్దరూ కూర్చునే ఉన్నారు. అప్పుడడిగాడు బావ, మోకాలి నొప్పి గురించి.

ఆ రాత్రి అన్నం దగ్గర దర్జీ ఉండబట్టలేక అడిగాడు. "నా మోకాలి సంగతి మీ అన్నయ్యకి నువ్వు చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? గోడ పక్కనేగా, మీ మూలుగు వినబడదూ?"

అంటే నిజంగానే అడిగాడన్నమాట, అనుకుని ఆనందపడబోయాడు. మర్నాడు ఐదింటికి గైడు దగ్గరికొచ్చి, "బాబాయిగారూ, నిన్నటి మోకాలు మాట అందరికీ తెగ నచ్చింది. ఇవాళ కూడా ఉంచండి," అంది. బావ మళ్ళీ అడిగాడు. దర్జీ మళ్ళీ అదే చెప్పాడు. అంతలోనే నిన్నటి ఆనందం అడుగంటిపోయింది. ఇవాళ్టిది నటన అయితే నిన్నటిది ఏమిటి?

రోజులు గడిచేకొద్దీ అయోమయం ముదిరిందే గాని తగ్గలేదు. మెట్ల గొడవ కూడా అరుగెక్కింది. ఒకసారి నోరు జారి దర్జీ ఎత్తిపొడిస్తే, గైడు దాన్ని పట్టుకుని వదల్లేదు. ఇక రోజూ ఐదుంపావుకి మెట్ల గొడవ. "వెలుగు మింగేశావు" అని ఇతను, "ఉన్న కళ్ళు వాడుకో" అని అతను. టూరిస్టులు లేచి మెట్ల ఫొటోలు తీసుకునేవారు. చివర్లో బావ, "నీతో పడలేక ఈ ఊరొదిలి పోతాను" అనాలి. దర్జీ, "పో బావా, నేనే వీధి చివరిదాకా వచ్చి పంపిస్తా" అనాలి. అక్కడ నవ్వులే నవ్వులు. అలా నెల రోజులు చిలక్కి నేర్పినట్టు పోట్లాడాక, ఒక రోజు దర్జీ తన షాపులో కూర్చుని ఆ మెట్ల వంక చూసి నిజంగా కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాడు. రాలేదు. ఐదేళ్ళు పెంచుకున్న కోపం ఎటుపోయిందో తెలియక బెంగపడ్డాడు.

అతనొక్కడే కాదు, వీధంతా అలాగే తయారైంది. అందరూ ఒకచోట దొరికేది ఆ గంటే కాబట్టి చెప్పుకోవలసినవన్నీ ఐదింటికే దాచుకునేవారు. ఒకరింటికొకరు వెళ్ళడం మానేశారు. టీచరమ్మ తనకి మనవరాలు పుట్టిందని ఐదున్నరకి చెప్పింది. టూరిస్టులు చప్పట్లు కొట్టారు. మర్నాడు కుళాయి దగ్గర కనబడితే, "నిజంగానే పుట్టిందా టీచరమ్మా?" అని అడిగాడు దర్జీ. ఆవిడ చిన్నబుచ్చుకుంది. మూడు రోజులు ఐదింటికి తప్ప మాట్లాడలేదు.

ఇలా కాదని ఒక పొద్దున్న దర్జీ తెగించాడు. షాపు తలుపు దగ్గరగా వేసి, ఐదేళ్ళుగా తొక్కని గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల బావ బల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, ఒక చేతిగడియారం పొట్ట విప్పి చూస్తున్నాడు. అలికిడికి తలెత్తాడు. అద్దం లేని కన్ను దర్జీ మీదా, తరవాత గోడ గడియారం మీదా పడింది.

"ఇంకా పదకొండేగా," అన్నాడు బావ కంగారుగా. "ఇవాళ పొద్దున్న కూడా పెట్టారా?"

బావా, నీతో మాట్లాడదామని వచ్చాను అనాలి. ఎంత చిన్న మాట! "లేదు. ఊరికే, ఇటు వెళ్తూ," అన్నాడు దర్జీ.

"ఓహో," అన్నాడు బావ.

దర్జీ తిరిగి వచ్చేశాడు. బావ తనని రమ్మంటాడేమోనని అతను గుమ్మంలో నిలబడి ఉంటే, అతనేమంటాడోనని బావ పట్టకారు గాల్లో పట్టుకుని ఉండిపోయిన సంగతి మనకి తెలుసు గాని అతనికి తెలియదు. తెలిసినా నమ్మేవాడు కాదు. అప్పటికి అతను దేన్నీ నమ్మే స్థితిలో లేడు.

తరవాత రెండు వారాలకి ఒక సాయంత్రం బావ ఎత్తు వెయ్యడానికి చాలాసేపు తీసుకున్నాడు. దర్జీ తలొంచుకుని బోర్డునే చూస్తున్నాడు. ఆ గంటలో ఆట ఒక్కటే అబద్ధం కాదు, ఇద్దరూ గెలవాలనే ఆడేవారు. తన ఏనుగు చావుబతుకుల్లో ఉంది.

"బావా, రేపు వెళ్ళిపోతున్నాను," అన్నాడు బావ. "కింది వాటా కూడా సంఘంవాళ్ళకే ఇచ్చేశాను. కళ్ళు ఆనడం లేదు, ఇక గడియారాలు నా వల్ల కాదు. పెద్దమ్మాయి దగ్గరుంటాను. ఆ మెట్లు అక్కడ పెట్టించడం మాత్రం నాదే తప్పు."

భలే అల్లాడే ఇవాళ కొత్తగా, అనుకున్నాడు దర్జీ. రోజూ వాడే ముక్కకి ఇన్ని చేర్పులు చేశాడంటే గైడు మెచ్చుకుంటుంది. తను తగ్గితే ఎలా? గొంతు పెంచి, "పో బావా, పో! నేనే వీధి చివరిదాకా వచ్చి పంపిస్తా!" అని, గైడు అనువాదం కోసం కూడా ఆగకుండా పకపకా నవ్వాడు. అతను నవ్వగానే టూరిస్టులూ అందుకున్నారు. ఆ నవ్వుల మధ్య బావ ఏదో అన్నట్టుంది, తెలియలేదు. తరవాత బావ మంత్రిని తీసుకొచ్చి అనాథలా నడిబోర్డులో నిలబెట్టాడు. దర్జీ ఎగిరి దాన్ని కొట్టేశాడు. గెలిచినందుకు ఇంటికొచ్చాక కూడా ఈల వేస్తూనే ఉన్నాడు.

భార్య కంచం ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పిలిస్తే పలకలేదు. తలనొప్పి కాబోలు అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న పది ప్రాంతంలో ఒక పెద్ద బ్యాగు జిప్పు పళ్ళు సరిచేస్తుంటే షాపు ముందు ఎవరిదో నీడ పడింది. చెప్పులు చూస్తే బావవి. బజారుకి కాబోలు, చేతిలో సంచి ఉంది. ఐదింటికి గాని మాటలుండవు కదా, ఇప్పుడు తలెత్తితే ఏమనాలి, ఏ ముఖం పెట్టాలి? దర్జీ జిప్పు మీదికి ఇంకాస్త వంగాడు. నీడ చాలాసేపు ఉంది. తరవాత పోయింది.

పదకొండున్నరకి భార్య ఎండలో పడి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎక్కడికెళ్ళావు?"

"బస్సెక్కించి వస్తున్నాను."

"ఎవర్ని?"

ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "మీరసలు మనిషేనా? ఎవర్నని అడుగుతారేం! మా అన్నయ్యని. నిన్న మీ ముఖమ్మీదే చెప్పాడుగా. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. మీ నవ్వు కూడా విన్నాను."

దర్జీ లేచి నిలబడ్డాడు. "అది... అది వాళ్ళ కోసం అన్నాడనుకున్నాను."

"తప్పు నాదే అని వాళ్ళ కోసం ఎవరైనా అంటారా?"

దర్జీ చేతిలోని బ్యాగు కింద పెట్టాడు.

"పదిహేను రోజుల నించి చెప్దామని చూస్తున్నాడు. నేను చెప్తానంటే వినలేదు. 'వద్దమ్మా, నా నోటితో నేనే చెప్పుకుంటాను, ఐదింటికి తప్ప నా పక్కన కూర్చోడుగా' అన్నాడు. పొద్దున మీ షాపు ముందు నిలబడితే తలైనా ఎత్తలేదట మీరు."

"ఐదు కాలేదుగా," అన్నాడు దర్జీ.

అనేశాక, తనన్న మాట తనకే బోధపడక నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఆవిడ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి ఏడ్చింది.

దర్జీ టేపు మెడలో వేసుకునే వీధిలోకి నడిచాడు. వీధి చివర, ఒకప్పటి కిరాణా కొట్టు ఇప్పుడు సంఘం ఆఫీసు. గైడు అమ్మాయి బల్ల మీద టిక్కెట్ల కట్టలు సర్దుతోంది.

"అమ్మాయ్, నిన్న మా బావ అన్నది నువ్వు వాళ్ళకేమని చెప్పావు?"

ఆ పిల్ల ఏదో ఫిర్యాదనుకుని భయపడింది. "రోజూ చెప్పేదే బాబాయిగారూ. ఈయన పోతానని బెదిరిస్తున్నాడు, ఆయన పొమ్మంటున్నాడు అని."

"కళ్ళు ఆనడం లేదన్నది? మెట్లది?"

"అవి చెప్పేలోపే మీరు నవ్వేశారు కదండీ. మీరు నవ్వితే వాళ్ళూ నవ్వారు. ఇంక నేనేం చెప్పను?"

"అతని ముఖం ఎలా ఉంది? నువ్వు చూశావా? నేను బోర్డు చూస్తున్నాను."

"నేను వాళ్ళ వైపు చూస్తానండీ," అంది గైడు. ముసలాయన మెడలోని టేపుని వేలికి చుట్టుకుంటూ కదలకుండా నిలబడ్డాడని అప్పుడు గమనించింది. "ఉండండి. ఒకాయన మొత్తం వీడియో తీశాడు నిన్న. మీ బావగారి మేడ మీదే దిగాడు."

అలా ఆ ఇనప మెట్లు ఎక్కాడు దర్జీ. ఇరవై రెండు. మోకాలు ప్రతి మెట్టుకీ తన సంగతి తాను చెప్పుకుంది. పై గదిలో తెల్లటి దుప్పట్లు, గోడకి అంటించిన నియమాల కాగితం, తడి తలతో ఒక భారీ మనిషి. ఇది బావ కూతుళ్ళు పరీక్షలకి చదువుకున్న గది. కిటికీ పక్క పలకలు ఆరబెట్టుకునే చోట ఇప్పుడు ఆయన బూట్లున్నాయి. గైడు ఆయనకి వాళ్ళ భాషలో ఏదో చెప్పి, కింద కొత్త జట్టు వచ్చిందని పిలుపు రావడంతో మెట్లు దిగి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

ఆయన వీడియో పెట్టాడు. చిన్న తెరలో దర్జీ వీపు, దాని అవతల నిండుగా బావ ముఖం. దర్జీ ఆ ముఖాన్ని మూడు నెలలుగా రోజూ గంటసేపు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. చూడనే లేదు. ఇంత చిక్కిపోయాడేమిటి వీడు? కళ్ళ కింద ఆ సంచులెప్పుడొచ్చాయి? బావ టూరిస్టుల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మాట్లాడినంతసేపూ దర్జీ నడినెత్తినే చూస్తూ, ఎప్పుడు తలెత్తుతాడా అన్నట్టున్నాడు. మెట్ల తప్పు నాదే అన్నప్పుడు కాస్త ముందుకి వంగాడు. అంతలో నవ్వులు విరుచుకుపడ్డాయి. ఆ నవ్వుల్లో బావ పెదాలు కదిలాయి.

దర్జీ వేలు తిప్పి సైగ చేశాడు, మళ్ళీ అని. ఆయన మళ్ళీ పెట్టాడు. మళ్ళీ నవ్వులే. మూడోసారి ఆయనే జాలిపడి, తన ఇయర్‌ఫోన్లు తీసి దర్జీ చెవుల్లో సర్ది, ధ్వని పూర్తిగా పెంచాడు. ఇప్పుడు అన్నీ విడివిడిగా వినబడ్డాయి. వెనక వరస నవ్వులు, టీచరమ్మ దగ్గు, స్టూలు కిర్రుమనడం. అన్నిటికంటే గట్టిగా, అన్నిటికంటే మొరటుగా వినబడుతున్న నవ్వు తనది. దాని కిందినుంచి బావ గొంతు.

"వద్దని ఒక్క మాట అను బావా."

దర్జీ ఫోను మీదికి వంగాడు. తెరలో బావ ఇంకా అలాగే చూస్తున్నాడు, ఇంకొక్క క్షణం ఆగాడు, తరవాత మంత్రి వైపు చెయ్యి చాచాడు.

"వద్దు," అన్నాడు దర్జీ. తెరలోని బావని ఆపుదామన్నట్టు చెయ్యెత్తాడు. "వద్దు బావా, వెళ్ళకు."

టూరిస్టు ఆ చెయ్యి చూశాడు. ముసలాయనకి ఇక చాలేమో అనుకుని, వీడియో ఆపేసి, ఆయన చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు మెల్లిగా తీసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.